బ్రెజిల్‌లా బడి భోజనానికి చిన్న రైతుల దగ్గరే కొనాలంటే ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏం మార్చుకోవాలి?

బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతుల సరుకుకే పెట్టాలని బ్రెజిల్ 2009లో చట్టం చేసింది, అదే ఇక్కడ పెడితే నడుస్తుందా అని అడిగారు. ఆ అంకె ఒక్కటే తెచ్చుకుంటే నడవదండి. కొనే పద్ధతి కూడా రావాలి.

అక్కడ టెండర్ లేదు. బహిరంగ ప్రకటన ఇచ్చి, చుట్టుపక్కల సంతల సగటు ధర ముందే చెప్పేస్తారు. రైతులు ఒకరి కంటే ఒకరు ధర తగ్గించుకోవాల్సిన పని లేదు. స్థానికులకే మొదటి అవకాశం. రైతులు బిల్లు ఇవ్వలేకపోతే, సరుకు క్రమంగా రాకపోతే, శుభ్రత లేకపోతే 30 శాతం నుంచి మినహాయింపు కూడా ఆ చట్టంలోనే పెట్టారు. ఇలాంటి పథకం చిక్కుకునే చోట్లలో ఈ మూడూ ఉంటాయి.

2012లో ఆఫ్రికాలోని ఇథియోపియా, మలావి, మొజాంబిక్, నైజర్, సెనెగల్ ఈ బ్రెజిల్ పద్ధతిని చిన్న ప్రయోగాలుగానే మొదలుపెట్టాయి. ఇథియోపియాలో సహకార యూనియన్లు గింజలు పోగుచేశాయి. మలావిలో డబ్బు బడులకే ఇచ్చి రైతు సంఘాల దగ్గర కొనిపించారు.

మన దగ్గర రాగిజావ లెక్క చూడండి. పిల్లకు 10 గ్రాముల పిండి, వారానికి 3 రోజులు అనుకుంటే 200 మంది ఉన్న బడికి వారానికి 6 కిలోలే. దానికోసం ఆటో కూడా కదలదు. అలాంటి 30 బడులు కలిస్తే నెలకు 7 క్వింటాళ్లు దాటుతుంది, రైతు ఉత్పత్తిదారుల సంఘానికి గిట్టుబాటవుతుంది. అందుకే బడికో ఒప్పందం కాకుండా మండలానికి ఒకటి ఉండాలి. గింజలుగానే నిల్వ పెట్టి వారం వారం ఆడించాలి, వానాకాలంలో పిండికి పురుగు తొందరగా పడుతుంది. ఎవరు రైతో ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, తేలుతుంది గానీ, కౌలుదారు పేరు ఎక్కకపోతే నిజంగా సేద్యం చేసినవాడే బయట ఉండిపోతాడు.

అన్నిటికన్నా పెద్ద గండం చెల్లింపు. వ్యాపారి కల్లం దగ్గరే నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. ప్రభుత్వ బిల్లు నెలలు పడితే రైతు రెండోసారి సంఘానికి తేడు, అందులో అతని తప్పేమీ లేదు. తూకం రోజే సగానికి పైగా ఇచ్చేంత మూలధనం సంఘం దగ్గర ఉండాల్సిందే.

మొదటి ఏడాది మడకశిర, హిందూపురం వైపు రాగులతోనే మొదలుపెట్టండి. చెనక్కాయల చిక్కీ తర్వాత చూసుకోవచ్చు. తేమతో మూటగట్టిన కాయల్లో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, వేయించినా పూర్తిగా పోదు. ప్రతి లాటునూ ల్యాబ్‌లో పరీక్ష చేయించే ఏర్పాటు లేకుండా పిల్లల నోటికి పంపొద్దు.