బీపీ మాత్ర, మోకాలి నొప్పి మాత్ర వేసుకుంటూ ఆల్ప్స్ కొండదారుల్లో పరుగెత్తవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. సొంతూరు అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు లాల్‌బాగ్‌లో పరుగెత్తుతాను, హాఫ్ మారథాన్ తేలికగానే పూర్తి చేస్తాను. బీపీకి రోజూ ఉదయం టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతున్నాను. నంది కొండ దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తుండటంతో దూరం పరుగులకు ముందు ఎసిక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. నాలుగు నెలల తర్వాత, జూలై చివర్లో, మిత్రులతో కలిసి ఫ్రాన్స్‌లోని షామొనీ వెళ్లి మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ తిరిగే దారిని నాలుగు రోజుల్లో పరుగుతో పూర్తి చేయాలనుకుంటున్నాం. అంత ఎత్తుకు డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వాడే మాత్ర) వేసుకోవాలా? - ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీరు అడిగింది ఎత్తు గురించి. కానీ మీ ఉత్తరం చదివినప్పుడు నన్ను కలవరపెట్టింది పరుగుకు ముందు మీరు వేసుకుంటున్న నొప్పి మాత్ర. దాన్ని ఈ రోజు నుంచే మానేయండి. ఆల్ప్స్ దాకా ఆగనక్కర్లేదు, లాల్‌బాగ్ పరుగులకు కూడా వద్దు.

కారణం వివరంగా చెబుతాను. రక్తాన్ని వడపోయడానికి మూత్రపిండాల్లోని సూక్ష్మమైన జల్లెడలకు తగినంత ఒత్తిడి కావాలి. టెల్మిసార్టన్ ఆ జల్లెడ నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వెడల్పు చేస్తుంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి లోపలికి వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే రసాయనాల తయారీని అడ్డుకుంటాయి. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో పంపేస్తుంది. ఇంట్లో ఉన్న మనిషిలో ఈ మూడూ కలిసినా మూత్రపిండాల మీద భారం పడుతుందని వైద్యులు జాగ్రత్తపడతారు. అలాంటిది ఆరేడు గంటలు చెమట కారుస్తూ పరుగెత్తుతూ, రక్తం చాలా వరకు కాళ్ల కండరాలకే మళ్లుతున్న సమయంలో, పైగా నలిగిన కండరాల నుంచి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలుస్తున్నప్పుడు, మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం నిజంగానే ఉంది. నొప్పి మాత్ర బీపీని పెంచుతుంది, బీపీ మాత్ర పనిని తగ్గిస్తుంది కూడా.

మీ బీపీ మాత్రలోని రెండో మందుతో ఇంకో చిక్కు ఉంది. అది రక్తంలో సోడియంను తగ్గించగలదు. దూరం పరుగెత్తేవారు దాహం లేకపోయినా భయంతో సీసాల కొద్దీ మంచినీళ్లు తాగితే సోడియం మరింత పడిపోయి, తలనొప్పి, వాంతులు, తికమక, చివరికి మూర్ఛ దాకా వెళ్లవచ్చు. కనుక దాహాన్ని బట్టి తాగండి. చాలాసేపు పరుగెత్తే రోజున ఉప్పు ఉన్న తిండి కూడా తినండి. ఈ మందు వల్ల ఎండకు చర్మం కమిలే గుణం కూడా పెరుగుతుంది. కొండల మీద అతినీలలోహిత కిరణాల తీవ్రత ఎక్కువ కాబట్టి టోపీ, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

అలాగని బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. మీకు ఆ మందు రాసిన డాక్టరును ఈ నెలలోనే కలిసి, ప్రయాణం సంగతి చెప్పి, నీరు తీసే మందు లేని ప్రత్యామ్నాయం మీకు సరిపోతుందేమో అడగండి. మార్చిన మందు ఒంటికి కుదురుకోవడానికి, ఇంట్లో బీపీ చూసుకుంటూ మోతాదు సరిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బయలుదేరే ముందు వారం మార్చడం మంచిది కాదు. అప్పుడే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం, షుగర్ పరీక్షలు చేయించుకోండి. 46 ఏళ్ల వయసు, బీపీ ఉన్నాయి కాబట్టి ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమేమో కూడా ఆ డాక్టరునే అడగండి. హాఫ్ మారథాన్ చేస్తున్నాను కదా అని వీటిని దాటవేయవద్దు.

ఇక మోకాలు. దిగేటప్పుడు మాత్రమే, చిప్ప చుట్టూ మాత్రమే వచ్చే నొప్పి చాలామందిలో చిప్పకు, తొడ ఎముకకు మధ్య ఒత్తిడి పెరగడం వల్ల వస్తుంది. వాపు ఉన్నా, మోకాలు పట్టేసినట్టు బిగుసుకున్నా, నడుస్తుండగా కాలు జారవిడిచినట్టు అనిపించినా ఎముకల డాక్టరుకు చూపించాలి. అవేవీ లేకపోతే తొడ, పిరుదు కండరాలకు బలం పెంచడమే అసలైన వైద్యం. దిగుడులో తొడ ముందు కండరం, బావిలోకి చేదను వదిలేటప్పుడు తాడును పట్టిపట్టి వదిలే చేతుల్లా, సాగుతూనే బిగపట్టాలి. చదును నేల మీద ఎంత పరుగెత్తినా ఈ పని దానికి అలవాటు కాదు. మరోవైపు, ఒకసారి ఓ మోస్తరు దిగుడు చేసిన కండరం ఆ తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదు. మీ శిక్షణ అంతా ఈ గుణం మీద ఆధారపడాలి.

మీ లెక్క కూడా ఒకసారి చూద్దాం. మాంట్ బ్లాంక్ చుట్టుదారి ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మీదుగా సుమారు 170 కిలోమీటర్లు. మొత్తం ఎక్కుడు దాదాపు 10,000 మీటర్లు, దిగుడూ అంతే. నాలుగు రోజుల్లో అంటే రోజుకు 2,500 మీటర్లు ఎక్కి, అంతే దిగాలి. నంది కొండ 1,478 మీటర్లు, దాని కింది నేల నుంచి ఎక్కుడు సుమారు 500 మీటర్లు. అంటే రోజుకు ఐదు నందులు, వరసగా నాలుగు రోజులు. ఒక్క నంది దిగితేనే నొప్పి మాత్ర కావలసివస్తున్న మోకాలికి ఈ ఏడాది ఈ పని వద్దు. చాలామంది నడకతో ఈ దారిని పది, పదకొండు రోజుల్లో పూర్తి చేస్తారు.

ప్రయాణం మానుకోమని మాత్రం నేను చెప్పను. షామొనీలోనే బస చేసి, రోజుకొక దారి చొప్పున పరుగెత్తండి. లోయకు ఉత్తరం వైపు లా ఫ్లెజేర్ (1,877 మీటర్లు) నుంచి ప్లాన్‌ప్రాజ్ (సుమారు 2,000 మీటర్లు) వరకు ‘గ్రాండ్ బాల్కన్ సూద్’ అనే దారి కొండ నడుము వెంబడి సాగుతుంది, ఎదురుగా మాంట్ బ్లాంక్ శ్రేణి అంతా కనిపిస్తుంది. రెండు చివర్లా తీగల మీద నడిచే లిఫ్టులు ఉండటం మీకు కలిసివచ్చే విషయం. ముందు రోజే వేళలు కనుక్కుంటే పైకి, కిందికి వాటిలోనే వెళ్లి, మోకాలిని పెద్ద దిగుడు నుంచి కాపాడుకోవచ్చు. లోయకు అవతలి వైపు ప్లాన్ ద లెగ్వీ నుంచి మోంటన్‌వేర్ (1,913 మీటర్లు) దాకా వెళ్లే దారి కొంచెం రాళ్లతో ఉంటుంది, కానీ చివర్లో పళ్ల పట్టాల రైలు షామొనీకి దించుతుంది. ఇటలీ వైపు బెర్తోనే, బొనాట్టి అనే కొండ బసల మధ్య సుమారు 2,000 మీటర్ల ఎత్తున సాగే దారి ఈ మొత్తం చుట్టులోకెల్లా పరుగుకు అనువైన భాగాల్లో ఒకటి. దాన్ని వదులుకోవద్దు.

శిక్షణకు బెంగళూరులో సౌకర్యాలు చాలానే ఉన్నాయి. మొదటి నెల వారానికి మూడు రోజులు, అడుగు ఎత్తు లోపు పీట మీద నిలబడి ఒక కాలి మడమ నేలను తాకే వరకు మూడు, నాలుగు సెకన్లు పట్టేలా నెమ్మదిగా వంగి లేవండి. మీ అపార్ట్‌మెంటు మెట్లను ఎక్కడానికే కాక దిగడానికీ వాడండి. పది అంతస్తులు దిగితే సుమారు 30 మీటర్లు. రెండో నెల నుంచి వారాంతంలో నంది, ఆ తర్వాత స్కందగిరి లేదా సావనదుర్గ. వీటిలో అనుమతి అవసరమైన చోట ముందే తీసుకోండి. చిన్న చిన్న అడుగులతో, రెండు చేతికర్రలతో దిగడం అలవాటు చేసుకోండి. మరుసటి రోజు ఉదయం మోకాలి నొప్పి మామూలు స్థాయికి రాకపోతే ముందు రోజు చేసినది ఎక్కువైందని అర్థం. చివరి పెద్ద దిగుడుకు, ప్రయాణానికి మధ్య రెండు వారాల వ్యవధి ఉంచండి.

డయామాక్స్ సంగతి: మీకు అవసరం లేదు. ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటినచోట, ముఖ్యంగా అక్కడ నిద్రించేవారిలో కనిపిస్తుంది. షామొనీ 1,035 మీటర్లే, బెంగళూరు కంటే వంద మీటర్ల పైచిలుకు మాత్రమే ఎక్కువ. చుట్టుదారిలోని గ్రాండ్ కోల్ ఫెరే కనుమ 2,537 మీటర్ల ఎత్తున ఉన్నా అక్కడ గడిపేది కాసేపే. ఆయాసం కొంత ఎక్కువవుతుంది, వేగం తగ్గించుకుంటే చాలు. ఆ మాత్ర కూడా నీరు తీసేదే కనుక మీ విషయంలో అనవసరపు భారం. 3,842 మీటర్ల ఎగ్వీ దు మిడి శిఖరానికి కేబుల్ కారులో వెళ్లాలనుకుంటే మొదటి రోజు కాకుండా రెండు మూడు రోజులు గడిచాక వెళ్లి, అక్కడ నెమ్మదిగా నడవండి.

మన ఊళ్ల నుంచి వెళ్లేవారు ఎత్తుకు భయపడి చలిని తేలికగా తీసుకుంటారు. 2021 మే నెలలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో ఉన్నట్టుండి వడగళ్లు, చలివాన, ఈదురుగాలి వచ్చి 21 మంది పరుగువీరులు మరణించారు. తడిసిన పల్చటి బట్టల్లో, గాలిలో, అలసిన శరీరం వేడిని ఎంత త్వరగా కోల్పోతుందో ఆ దుర్ఘటన చూపింది. జూలైలో ఆల్ప్స్‌లో మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వానలు మామూలే. తెల్లవారగానే బయలుదేరి మధ్యాహ్నానికల్లా కిందికి చేరండి. వాన ఆపే జాకెట్టు, వెచ్చని పొడి చొక్కా, చేతి తొడుగులు, ఒంటి వేడిని నిలిపే రక్షణ దుప్పటి, ఈల, తిండి సంచిలో ఉండాల్సిందే. హెలికాప్టర్ రక్షణ ఖర్చును భరించే బీమా తీసుకోండి. అక్కడి అత్యవసర నంబరు 112.

పరుగు తర్వాత మోకాలు నొప్పిగా ఉంటే ముందు విశ్రాంతి, మంచు కాపడం. నీళ్లు తాగి, తిని, మూత్రం మామూలుగా వచ్చాక అవసరమైతే పారాసెటమాల్ వేసుకోవచ్చు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, ఎనిమిది గంటలకు పైగా రాకపోయినా, ఛాతీలో బరువుగా అనిపించినా, మీరు తికమకగా మాట్లాడుతున్నారని మిత్రులకు తోచినా మర్నాటి కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. మీరు వాడే మందుల పేర్లు రాసిన కాగితం మీతోపాటు మీ మిత్రుల్లో ఒకరి దగ్గర కూడా ఉంచండి.