తుఫాను వెళ్ళిపోయాక మేం చేసిన తప్పు (తాటాకు కట్టల గురించి అడిగినవారికి)

పర్లాకిమిడిలో మీ తాతగారి పెంకుటింట్లో నాలుగు పాత తాటాకు గ్రంథాల కట్టలు, పెట్టెడు పాత కాగితాలు, ఫోటోలు ఉన్నాయనీ, ఇంట్లో పెద్దవాళ్ళు తప్ప ఎవరూ ఉండరనీ, తుఫానులకి ముందే ఏం చేసి ఉంచాలనీ అడిగారు. నేను బరంపురం కోడల్ని, పుట్టిల్లు పర్లాకిమిడే. మీ ఇల్లు చూడకపోయినా ఆ పెట్టె ఎక్కడుందో చెప్పగలను. అటక మీద ఉంటుంది. మాదీ అక్కడే ఉండేది.

2013లో పైలిన్ తుఫాను మా బరంపురం పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, అక్టోబర్ 12 రాత్రి. దసరా రోజులు. గాలి గంటకి రెండు వందల కిలోమీటర్లు దాటుతుందని ముందే చెప్పడంతో మేమంతా పక్కవాళ్ళ స్లాబు ఇంట్లో పడుకున్నాం. తెల్లారి వచ్చి చూస్తే మా ఇంటి పెంకులు మూడో వంతు లేవు. మామయ్యగారు అన్నిటికన్నా ముందు అటకెక్కి ట్రంకుపెట్టె తెరిచారు. లోపల పొడిగానే ఉంది. దండం పెట్టుకుని మళ్ళీ మూసేశారు. అక్కడే మేం మోసపోయాం.

తర్వాత కరెంటు లేదు, పాలు లేవు, కొవ్వొత్తి రేటు చెప్పక్కర్లేదు. అటక మీద కప్పు సంగతి ఎవరికీ గుర్తులేదు. పది రోజులు తిరక్కుండానే అల్పపీడనం వచ్చి గంజాం అంతా రోజుల తరబడి వాన కురిసింది. ఆ వాన నేరుగా ట్రంకు మీద పడింది. పెట్టె మూతకి ఎప్పటి తుప్పో, ఒక చిల్లు ఉంది. వాన తగ్గాక తెరిస్తే నాచు వాసన. కట్టలకి తెల్లగా బూజు. తుఫాను వదిలేసినదాన్ని మా మరుపు తినేసింది.

అందుకే నా మొదటి మాట ఇది. గాలివాన వెళ్ళిన మర్నాడు మనుషులంతా క్షేమమని తేలాక, పెట్టె ఉన్న గది కప్పు మీద టార్పాలిన్ వేయించండి. టార్పాలిన్ ముందే కొని ఇంట్లో ఉంచుకోవాలి. తుఫాను తర్వాత బజార్లో దొరకదు, దొరికినా కొనేలా ఉండదు.

ఇక అసలు తప్పు నాదే, చెప్పేస్తాను. తడిసిన దారాలు గట్టిపడి ముడి రాలేదు. కత్తెర తీసుకుని నాలుగు కట్టల దారాలూ కత్తిరించి, ఆకులన్నీ నడవలో పాత చీరల మీద పరిచాను. గాలికి ఎగరకుండా అక్కడక్కడా గరిటెలు, చెంచాలు పెట్టాను. ఎంతో తెలివైన పని చేశాననుకున్నాను. సాయంత్రం మామయ్యగారు వచ్చి చూసి ఏమీ అనలేదు, కుర్చీలో కూలబడ్డారు. వాటిలో రెండు కట్టలు ఆయన తాతగారివి, ఒకటి వైద్యం, ఒకటి జ్యోతిషం. ఒకే చేతిరాత, ఒకే కొలత ఆకులు. అంచున తెలుగు అంకెలు ఉన్నాయి కదా, సర్దేద్దాం అన్నాను. ఉన్నాయి, కానీ రెండు కట్టలకీ ఒకటి నుంచే మొదలు. అన్ని అంకెలూ రెండేసి ఉన్నాయి.

ఆ సర్దుడు మూడేళ్ళు పట్టింది. చదివి విషయాన్ని బట్టి కొన్ని తేల్చాం. రంధ్రం నుంచి అంచు దాకా దూరం స్కేలుతో కొలిచి కొన్ని తేల్చాం (ఒక కట్టకి రంధ్రం కాస్త పక్కకి ఉంది, ఈ కిటుకు ఒక పెద్దాయన చెప్పారు). ఆ తర్వాత ఒక మ్యూజియం ఉద్యోగి మాటల్లో తెలిసింది, ఇలా ఏది ఎక్కడిదో తెలియకుండా పోవడాన్ని కూడా నిపుణులు ఒక ప్రమాదంగానే లెక్కవేస్తారట. దెబ్బలు, దొంగలు, నిప్పు, నీరు, పురుగు, కాలుష్యం, వెలుతురు, వేడి, తేమ, పదోది ఈ ఆనవాలు పోవడం. మిగతా తొమ్మిదింటికీ తుఫానునో చెదల్నో తిట్టుకోవచ్చు.

కాబట్టి మీరు ఈ వారమే చెయ్యగలిగిన పని: కట్టలు తడవకముందే ఫోన్‌తో ఒక్కో ఆకూ రెండు వైపులా వరుసగా ఫోటో తీయండి. ప్రతి కట్టకి ముందు ఒక చీటీ మీద పేరు రాసి ఆ చీటీ ఫోటో కూడా తీయండి, లేకపోతే ఫోటోలు కూడా మా ఆకుల్లాగే కలిసిపోతాయి. ఒక కాపీ వేరే ఊళ్ళో ఉండాలి. మేం మొదట తెలివిగా మా ఆడపడుచు ఇంట్లో పెట్టాం, ఆవిడ ఉండేది గోపాల్‌పూర్‌లో! మీవాళ్ళెవరైనా హైదరాబాద్‌లోనో రాయపూర్‌లోనో ఉంటే వాళ్ళకి పంపండి.

ఏ భయం ముందు, ఏది తర్వాత అన్నదానికి ఒక లెక్క ఉంది. వారసత్వ సంపదని కాపాడే పని చూసే ఇక్రోమ్ అనే అంతర్జాతీయ సంస్థ, కెనడా కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2016లో వేసిన గైడులో ఉంది. ప్రతి ప్రమాదానికీ మూడు ప్రశ్నలు: ఎన్నాళ్ళకోసారి వస్తుంది, తగిలిన వస్తువు విలువలో ఎంత పోతుంది, మొత్తంలో ఎంత భాగానికి తగులుతుంది. ఒక్కోదానికి ఐదుకి మార్కులు వేసి కూడాలి. ఏడాదికోసారి వచ్చేదానికి 5, పదేళ్ళకైతే 4, వందేళ్ళకైతే 3. మిగతా రెండూ అంతే, పూర్తిగా పోతే 5, పదో వంతు పోతే 4. అంటే ఒక్క మార్కు తేడా అంటే పది రెట్ల తేడా.

నేను కాగితం తీసుకుని మా ఇంటికి వేశాను. పురుగు: పదేళ్ళలో పదో వంతు ఆకులకి పట్టి, పట్టినదాంట్లో పదో వంతు తింటుందనుకుంటే నాలుగు మూళ్ళు పన్నెండు. పెట్టె వెనక గోడ మీద పోతున్న పాత కరెంటు వైరు: వందేళ్ళకోసారే అంటుకుంటుందనుకున్నా, అంటుకుంటే ఏదీ మిగలదు కనక మూడు, ఐదు, ఐదు, మొత్తం పదమూడు. అంటే మేం ఏళ్ళ తరబడి నాఫ్తలీన్ ఉండలు వేసుకుంటూ భయపడిన పురుగుకన్నా, ఎవరూ తలెత్తి చూడని వైరు పది రెట్లు ప్రమాదం. అంకెలు నా అంచనాలే, మీవి వేరుగా రావచ్చు. కానీ ఆ నెలలోనే వైరింగ్ మార్పించాం. తుఫానుకి పద్నాలుగు దాకా వచ్చింది, అది ఊహించిందే.

పెట్టె ఎక్కడుండాలి? అటక మీద వద్దు, కప్పు లేస్తే మొదట తడిసేది అదే. నేల మీద వద్దు, వరద, చెదలు. లోపలి గదిలో, బయటి గోడకి ఆనకుండా, నడుమెత్తున బల్ల మీద. బల్లకి పైపూ కిటికీ దూరంగా ఉండాలి.

2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పర్లాకిమిడిలో మా పుట్టింట్లో ఇదంతా పరీక్షకి నిలబడింది. అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటింది కానీ పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాని బాగా దెబ్బతీసింది, కొండచరియలు విరిగి మనుషులు పోయారు. అలాంటప్పుడు తాటాకుల గురించి మాట్లాడటానికి సిగ్గేస్తుంది. ముందురోజు సాయంత్రం ఫోన్‌లో నేను చెబుతూ ఉంటే అమ్మ, తమ్ముడు కలిసి ముప్పావుగంటలో ముగించారు. పెట్టెని దళసరి పాలిథిన్‌తో చుట్టి, మంచం మీద పెట్టి, తాళంచెవి ఎదురింటి పిన్నిగారికిచ్చి వెళ్ళిపోయారు. ఏదీ తడవలేదు. ఒక్కటే, అయిదో రోజు చుట్ట విప్పితే లోపల చెమట పట్టి ఉంది. పాలిథిన్ బయటి నీటిని ఎంత ఆపుతుందో లోపలి తేమనీ అంతే ఆపుతుంది. వాన ఆగిన మర్నాడే విప్పమని చెప్పి ఉంచండి.

ఒకవేళ తడిస్తే బూజుకి రెండు మూడు రోజులు చాలు. వరుస ముఖ్యం. మొదట ఫోటోలు, సిరాతో రాసిన కాగితాలు. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఆరిపోతే ఇక విడదీయలేరు, ఆరబెట్టే వీలు కుదిరేదాకా మంచినీళ్ళలోనే ఉంచడం మేలు, అదీ రెండు రోజులు దాటకుండా. కాగితాలు ఎక్కువుంటే చిన్న కట్టలుగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఫ్రీజర్లో వేసి తీరిగ్గా ఆరబెట్టుకోమంటారు. తుఫాను తర్వాత మనకి కరెంటేదీ! మా వీధి కుర్రాడొకడు చేపల ఐసు ఫ్యాక్టరీలో జనరేటర్ ఉందని, మా దస్తావేజులు అక్కడ పెట్టించాడు. అవి బతికాయి. ఇప్పటికీ తీస్తే కాస్త ఎండుచేపల వాసన, అత్తయ్యగారు దేవుడి గదిలోకి రానివ్వరు.

తాటాకు గట్టిది. అక్షరం గంటంతో గీసింది కనక నీళ్ళకి మసి కొట్టుకుపోయినా గీత మిగులుతుంది, తర్వాత మసి, నిమ్మగడ్డి నూనె పట్టించి చదవొచ్చు. కానీ ఆ పని తెలిసినవాళ్ళ చేతే చేయించండి. ఎండలో మాత్రం పెట్టకండి, వంకర తిరిగి పెళుసెక్కుతాయి. ఒక్కో కట్టనీ విడిగా, ఒక్కో పళ్ళెంలో, దాని చీటీతో సహా, నీడలో ఆరబెట్టండి. అంటుకున్న ఆకుల్ని గోటితో లాగకండి. భువనేశ్వర్‌లో ఇంటాక్ (వారసత్వ సంపదని కాపాడే సంస్థ) వాళ్ళ కన్జర్వేషన్ కేంద్రం ఉంది, అలాంటివి అక్కడ చూపించడం మంచిది.

మీ వీధి గుడి వాహనాల గురించి కూడా అడిగారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో వారసత్వ కట్టడాల కోసం మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని గుడి కమిటీతో చదివించడం కష్టం, నేను ప్రయత్నించాను. వాహనాలన్నీ ఫోటోలు తీసి ఒక పుస్తకంలో రాయించండి, తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయో గోడ మీద రాయించండి. అంతమాత్రానికి ఒప్పుకుంటారు.

ఇదంతా సెప్టెంబర్ ఆఖరుకల్లా ముగించండి. పైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబర్ 11, 12 తేదీల్లోనే వచ్చాయి. వేసవిలో ఫణి కూడా వచ్చింది కాబట్టి ఏప్రిల్లో మరోసారి చూసుకోండి.

మా కట్టల్లో పందొమ్మిది ఆకులు ఇంకా తేలలేదు, వాటిని విడిగా ఎర్ర గుడ్డలో కట్టి ఉంచాం. మామయ్యగారికి చూపు తగ్గింది, నేను చదివి వినిపిస్తుంటాను. మొన్న సంక్రాంతికి ఒకదాన్ని సగం చదవగానే, "ఆగమ్మా, ఇది పాము మందు, వైద్యం కట్టలో పెట్టు" అన్నారు. అంతకుముందు ఇరవై ఉండేవి.