తుఫాను భయం మీద వీడియో ఆర్ట్ చేస్తుంటే ఎలాంటి సౌండ్ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఫైన్ ఆర్ట్స్ ప్రాజెక్టుకి, చిన్నప్పుడు మీరు చూసిన ఒక తుఫాను రాత్రి మీద చిన్న వీడియో చేస్తున్నారు. అడుగున ఒక డ్రోన్ (ఆగకుండా మోగే ఒకే బరువైన స్వరం), మధ్యమధ్యలో ఆడవాళ్ల అరుపులు, చివర్లో పెద్ద బూమ్ పెట్టారు. మీ మాస్టారు చూసి "దెయ్యం సినిమాలా ఉంది" అన్నారు. ఇప్పుడు ఇంకేం పెడితే చూసేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుందని అడుగుతున్నారు.

మీ మాస్టారితో నేను ఏకీభవిస్తాను. హైదరాబాద్‌లో సినిమాలకు సౌండ్ ఎడిటింగ్ చేస్తాను కాబట్టి ఆ డ్రోన్, ఆ బూమ్ మాకు రోజువారీ సరుకు. హారర్ సీన్‌లో హీరోయిన్ చీకటి గదిలోకి నడుస్తుంటే ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) తగ్గిస్తాం, ఫ్యాన్ చప్పుడు కూడా తీసేస్తాం. ఏదో మీద పడబోతోందని ప్రేక్షకుడికి అప్పుడే తెలిసిపోతుంది. పడుతుంది, హాల్లో కేకలు, వెంటనే నవ్వులు. టెన్షన్ ఎక్కించడంతో పాటు దించడం కూడా మా పనే, టికెట్ కొనేది ఆ దించడం కోసమే. మనసులో గాయంగా మిగిలిపోయిన భయం అలా చెప్పి రాదు, దింపితే దిగదు. మీ వీడియో ఆ రెండో రకం భయం గురించి అయితే రెడీమేడ్ హారర్ శబ్దాల లైబ్రరీ ఫోల్డర్ మూసేసి, ఆ రాత్రి నుంచి మీ చెవిలో ఇంకా ఏం మిగిలి ఉందో ముందు రాసుకోండి.

ఎందుకు చెబుతున్నానంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు నేను విశాఖలో మా పెద్దమ్మ వాళ్ల ఫ్లాట్‌లో ఉన్నాను. గాలి హోరు గురించి అందరూ చెబుతారు, టీవీల్లో వినిపించిందీ అదే. నాకు ఉండిపోయింది మాత్రం హాల్లోని అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. రెండు రెక్కల మధ్య సందులోంచి గాలి దూరి సన్నగా ఈల వేసేది. గాలి పెరిగేకొద్దీ ఈల పైకి వెళ్లేది, ఇంక వెళ్లదులే అనుకున్నాక ఇంకో మెట్టు ఎక్కేది. పెద్దమ్మ పాత పేపర్లు మడిచి ఆ సందులో కుక్కింది. ఈల ఆగి పేపరు టపటపా కొట్టుకోవడం మొదలైంది. మధ్యాహ్నం తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చాక గాలి నిలిచిపోయింది. ఆ కాసేపట్లో కింద ఫ్లోర్‌లో ఎవరో గాజుపెంకులు ఊడుస్తున్న చప్పుడు పక్కగదిలో ఊడుస్తున్నంత స్పష్టంగా వినపడింది. తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది, ఈసారి వంటింటి కిటికీ ఈల వేసింది. ఇప్పుడు స్టూడియోలో తుఫాను ఎఫెక్ట్ ఎంత పెద్దగా పెట్టినా నాకేం కాదు. ఏ ఆఫీసులోనో లిఫ్టు తలుపు సందులోంచి గాలి ఈల వేసిందంటే మాత్రం మెడ బిగుసుకుపోతుంది.

ఈ దారిలో మీకు అన్నిటికంటే పనికొచ్చే కళాకారుడు లారెన్స్ అబూ హమ్దాన్. సిరియాలో డమాస్కస్‌కి ఉత్తరాన సైద్నాయా అనే జైలు ఉండేది. అక్కడ ఖైదీలకు కళ్లకు గంతలు కట్టేవారు, చీకట్లో ఉంచేవారు, మాట్లాడితే కొట్టేవారు. బతికి బయటపడ్డవాళ్లకి ఆ జైలు ఎలా ఉంటుందో చూసిన జ్ఞాపకం దాదాపు లేదు, విన్న జ్ఞాపకమే ఉంది. 2016లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ అనే పరిశోధన బృందం కలిసి చేసిన దర్యాప్తులో ఆయన వాళ్లతో కూర్చుని చెవి సాక్ష్యం సేకరించాడు. లోపల ఎంత మెల్లగా గుసగుసలాడేవారో శబ్దాలు వినిపించి కొలిచాడు. 2011లో సిరియాలో తిరుగుబాటు మొదలయ్యాక ఆ గుసగుస స్థాయి 19 డెసిబెల్స్ పడిపోయిందని తేలింది. రోజూ డెసిబెల్స్‌తో పనిచేసేవాడిగా చెబుతున్నా, 19 అంటే మామూలు తేడా కాదు, గొంతు దాదాపు మాయమైపోయినట్టే. ఆ అంకెనే పేరులో పెట్టి 2017లో ఒక సౌండ్ వర్క్ చేశాడు. జైల్లో ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క అరుపు వాడినా ఇంత భయం కలిగేది కాదు.

అదే పనిలోంచి ఇంకోటి పుట్టింది. సాక్షులు చెప్పే శబ్దాలకు సినిమా ఎఫెక్ట్స్ లైబ్రరీలు సరిపోలేదు. దాంతో ఆయన వస్తువులు పోగుచేయడం మొదలుపెట్టాడు. 2018లో 95 వస్తువులతో 'ఇయర్‌విట్‌నెస్ ఇన్వెంటరీ' ప్రదర్శించాడు. బిల్డింగ్ కూలడం పాప్‌కార్న్ పేలినట్టు వినపడిందని ఒక సాక్షి అంటే, పాప్‌కార్న్ యంత్రం అందులోకి చేరింది. సినిమాలో చప్పుళ్లను వస్తువులతో స్టూడియోలో పుట్టించే మా ఫోలీ వాళ్లు చేసేదీ ఇలాంటిదే. కాకపోతే మేం డైరెక్టర్‌ని ఒప్పిస్తే చాలు, ఇక్కడ ఒప్పుకోవాల్సింది ఆ శబ్దం విన్న మనిషి. 'వాల్డ్ అన్‌వాల్డ్' అనే ఆయన 20 నిమిషాల వీడియో దొరికితే మంచి హెడ్‌ఫోన్స్‌తో చూడండి. తూర్పు బెర్లిన్‌లోని పాత రేడియో స్టూడియోల్లో తీశారు. గాజు అద్దాల వెనక నిలబడి, గోడల అవతల జనం విన్న విషయాలు ఎలా సాక్ష్యాలయ్యాయో చెబుతుంటాడు. అంతే. మామూలు గొంతుతో.

పెద్ద శబ్దమే కావాలంటే స్టీవ్ మెక్వీన్ 2002లో చేసిన 'వెస్టర్న్ డీప్' చూసి నేర్చుకోవాలి. దక్షిణాఫ్రికాలో టౌటోనా బంగారు గని, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటి. సినిమా మొదట్లో కొన్ని నిమిషాలు దాదాపు చీకటే, గని లిఫ్టు కిందికి దిగుతున్న ఇనప రొద మాత్రమే. ఉన్నట్టుండి రొద తెగిపోతుంది, పూర్తి నిశ్శబ్దం. చెవి అప్పుడు తనంతట తానే ఆ రొదను వెతుక్కుంటుంది. అది అక్కడి కార్మికుడు రోజూ వినే చప్పుడు, అందుకే తర్వాత వాళ్ల ముఖాలు కనపడినప్పుడు మనం వాళ్ల చెవులతో ఉంటాం. బ్రూస్ నౌమన్ 1987లో చేసిన 'క్లౌన్ టార్చర్' పేరు కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. నాలుగు టీవీలు, రెండు ప్రొజెక్షన్లు, ఒక జోకర్ "నో, నో" అని గోల. ముఖ్యమైన పనే, కాదనను. కానీ విద్యార్థులు దాన్ని చూసి నేర్చుకునేది గోల ఒక్కటే.

మన దేశంలోంచి అయితే అమర్ కన్వర్ 2007లో చేసిన 'ద లైట్నింగ్ టెస్టిమొనీస్' ఉంది. ఎనిమిది తెరల మీద, ఈ ఉపఖండంలో ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక హింస గురించి. హింసను చూపించకుండా ఎంత దూరం వెళ్లొచ్చో దాంట్లో తెలుస్తుంది. నేను స్వయంగా విన్నది శిల్పా గుప్తా పని, 2018లో కొచ్చి బినాలే అనే ఆర్ట్ ప్రదర్శనలో. వీడియో కాదు గానీ మీకు పనికొస్తుంది. చీకటి గదిలో వంద మైకులు వేలాడుతుంటాయి, ఒక్కో దాని కింద ఇనప ఊచకు గుచ్చిన కవిత కాగితం, అన్నీ జైలుపాలైన కవులవి. మైకు అంటే మన మాట తీసుకునేది కదా, ఇక్కడ అదే మాట్లాడుతుంది. ఒక మైకు ఒక పంక్తి చెబితే మిగతావి గుంపుగా అందుకుంటాయి. ఏ మూల నుంచి వస్తుందో తెలియక నేను తల తిప్పుతూనే ఉన్నాను. గదిలో భయపెట్టే ఎఫెక్ట్ ఒక్కటీ లేదు.

ఇక టెక్నికల్ సంగతి. అరుపు ఎందుకు పనిచేస్తుందో 2015లో ఒక పరిశోధన తేల్చింది. అరుపులో శబ్దం సెకనుకు 30 నుంచి 150 సార్లు ఎగుడుదిగుడు అవుతుంది, ఆ గరుకుదనం మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డాలాను తడుతుంది. అలారాల్లో కూడా అదే గుణం ఉంది. అంటే అరుపు ఎవరిదైనా, ఎందుకైనా, ఎవరిమీదైనా పనిచేస్తుంది. సరిగ్గా అందుకే మీ వీడియోలో అది మీ తుఫాను గురించి ఏమీ చెప్పడం లేదు. 19 హెర్ట్జ్ ఇన్‌ఫ్రాసౌండ్ (చెవికి వినపడనంత కింది శబ్దం) పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మీ కాలేజీ స్పీకర్లు అంత కిందికి దిగవు, వదిలేయండి. పూర్తి నిశ్శబ్దం కావాల్సిన చోట ట్రాక్ మ్యూట్ చేస్తే స్పీకర్ పోయిందనుకుంటారు. ఆ ఇంట్లోనే రాత్రిపూట ఫోన్‌తో అయినా సరే రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే సన్నని చప్పుడు, రికార్డు చేసి అది వేయండి.

మీ అమ్మగారిని, ఇంట్లో ఆ రాత్రి ఉన్న మిగతావాళ్లని అడగండి. "ఎంత భయమేసింది" అని కాదు, "ఏం వినపడింది" అని. ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. స్టీలు పళ్లెం, తలుపు గడియ, టార్పాలిన్, ఏది చెబితే అది తెచ్చి వాళ్ల ముందే చప్పుడు చేసి చూపించండి. "ఇలా కాదు, ఇంకా మెల్లగా" అంటే మెల్లగా చేయండి. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే అక్కడితో ఆపేయండి, ప్రాజెక్టు మార్కులకంటే అది ముఖ్యం. వాళ్ల గొంతు వాడుకోవాలంటే ఎక్కడ ప్రదర్శిస్తారో చెప్పి ఒప్పుకున్నాకే వాడండి. ప్రదర్శనలో తలుపు దగ్గర ఇందులో తుఫాను శబ్దాలు ఉంటాయని ఒక బోర్డు పెట్టండి, లేచి వెళ్లిపోయేవాళ్లకి దారి వదలండి. కోస్తా జిల్లాల్లో ప్రదర్శిస్తే చూసేవాళ్లలో సగం మందికి సొంత తుఫాను ఒకటి ఉంటుంది.

డ్రోన్, అరుపులు, బూమ్ తీసేశాక టైమ్‌లైన్ బోసిపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి ఏదో ఒకటి నింపకుండా ఆ వెర్షన్‌నే ముందు మీ మాస్టారికి వినిపించండి.