బ్యాటరీ కొత్తదే, ఛార్జింగే లేదు

ప్రశ్న: మాది పాత మారుతి 800. బ్యాటరీ కొత్తదే. అయినా భాకరాపేట ఘాట్‌లో హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి, పొద్దున సెల్ఫ్ తిరగడం లేదు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తొందరపడకండి. మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు, ఇంజిన్ కాస్త రేజ్ చేస్తే 13.8–14.4 ఉండాలి. 13 దాటకపోతే ముందు ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్ట్ చూడండి. లోపలి వైపు అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టే.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య కొలవండి. 0.3 వోల్టు దాటితే తప్పు ఆ వైరుదో, దాని బిగింపుదో. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అంతే. పాత బళ్లలో చిలుము పట్టిన ఈ ఎర్త్ (మైనస్) కనెక్షన్ దగ్గరే ఎక్కువగా దొంగ దొరుకుతాడు. అన్నీ బాగుంటేనే ఆల్టర్నేటర్ విప్పించండి. అరిగింది లోపల రాసుకుంటూ కరెంటు అందించే బ్రష్‌లైతే అవే మార్పించుకోవచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే మెకానిక్‌ను మాత్రం ఆపండి. వోల్టేజీ ఒక్కసారి ఎగిసి ఆల్టర్నేటర్‌లో ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్లు కాలిపోవచ్చు.