రాత్రి పాప లేస్తే ఎవరు లేవాలి?

ప్రశ్న: మా పాపకి ఎనిమిదో నెల. 26 వారాల మెటర్నిటీ సెలవు అయిపోయాక మిగిలిన సెలవులన్నీ కలిపి ఇంతవరకూ లాక్కొచ్చాను, వచ్చే నెల ఒకటో తారీఖున ఆఫీసుకి వెళ్లాల్సిందే. మావారిది షిఫ్టుల ఉద్యోగం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, తెనాలి నుంచి వచ్చినా నెల రోజులకి మించి ఉండలేరు. అందుకని ఇంట్లోనే ఉండే ఆయా కోసం ఒక ఏజెన్సీతో మాట్లాడాం. 24 గంటలూ మీ ఇంట్లోనే ఉంటుంది, నెలకి 22 వేలు, ఆ జీతం మా చేతికే ఇవ్వాలి, ముందుగా ఒక నెల జీతం కమిషన్‌గా కట్టాలి అన్నారు. వాళ్లు ఫొటో పంపిన అమ్మాయికి ఆధార్‌లో 18 ఏళ్లున్నాయి కానీ చూస్తే పదిహేనేళ్ల పిల్లలా ఉంది. కొత్త మనిషిని ఇంట్లో పెట్టుకోవాలంటే భయం, పెట్టుకోకపోతే ఉద్యోగం ఏమవుతుందోనని టెన్షన్. కెమెరాలు పెడితే సరిపోతుందా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ముందు ఆ అమ్మాయి సంగతి. వద్దని ఈరోజే చెప్పేయండి. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం, పదిహేను పదహారేళ్ల పిల్ల అయినా సరే, తనకే ఇంకా అమ్మ కావాల్సిన వయసులో మీ పాపని తన చేతికి అప్పగించి మీరు ఆఫీసులో ఎలా కూర్చుంటారు? మీరు కాదంటే ఆ పిల్లని ఇంకో ఇంటికి పంపిస్తారు కదా అని మనసు పీకుతుంటే 1098కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అది పిల్లల హెల్ప్‌లైన్.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘24 గంటలూ’. ఏజెన్సీ వాళ్లు ఈ మాట చాలా సులువుగా అనేస్తారు, మనమూ సులువుగా వినేస్తాం. మా పెద్దబ్బాయికి పది నెలలప్పుడు మేమూ ఇలాగే ఒకావిడని పెట్టుకున్నాం. కోనసీమ మనిషి, కువైట్‌లో ఏడేళ్లు వాళ్ల పిల్లల్ని పెంచి వచ్చింది. వాడు రాత్రి మూడుసార్లు లేచేవాడు, మూడుసార్లూ ఆవిడే లేచేది. పగలు వాడు పడుకున్నప్పుడైనా ఆవిడ నడుం వాల్చేదా అంటే, కూరలు తరగడం, బట్టలు మడతపెట్టడం, ఇవన్నీ మేము ఒక్కొక్కటిగా ఆవిడ మీద వేసినవే. మూడో వారంలో ఒక మధ్యాహ్నం నేను త్వరగా ఇంటికొచ్చేసరికి బాబు మంచం అంచున కూర్చుని ఆడుకుంటున్నాడు, ఆవిడ పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయి ఉంది. గట్టిగా అరిచాను. ఆవిడ ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేసుకుంటే, మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆవిడ ఒక్క రాత్రి కూడా వరసగా నాలుగు గంటలు పడుకోలేదని తేలింది. బాబు పడకపోవడం మా అదృష్టం. తప్పు మాత్రం నాదే, ఆ సంగతి పొద్దున్నే ఆవిడకి చెప్పాను కూడా.

అందుకే మనిషిని వెతకడానికి ముందే మీరూ మీవారూ కూర్చుని, రాత్రి పాప లేస్తే ఎవరు లేవాలో తేల్చుకోండి. నన్నడిగితే రాత్రులు తల్లిదండ్రులవే, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకూ ఆయాది, అందులోనూ మధ్యాహ్నం పాప పడుకున్న రెండు గంటలు ఆవిడవి. మీవారికి నైట్ షిఫ్టు పడిన వారం ఆవిడే రాత్రి చూడాల్సి వస్తే, మర్నాడు పగలు ఆవిడ పడుకునే ఏర్పాటు చేయాలి, దానికి విడిగా డబ్బూ ఇవ్వాలి. వంట, అంట్లు, ఇల్లు తుడవడం ఇంకొకరికి అప్పజెప్పండి. వారానికి ఒకరోజు సెలవు, పండక్కి ఊరు వెళ్లిరావడం, జీతం ఏ తారీఖున ఇస్తారు, ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఆవిడకి చదివి వినిపించి, ఒక కాపీ ఆవిడకే ఇవ్వండి. ఆవిడకి పడుకోవడానికి తలుపున్న చోటు, పెట్టె పెట్టుకోవడానికి ఒక అర ఉండాలి. హాల్లో చాప పరిస్తే సరిపోతుందనుకోకండి, నెలల తరబడి ఆవిడ ఉండబోయే ఇల్లు అదే.

జీతం ఏజెన్సీ చేతికి ఇవ్వడానికి ఒప్పుకోకండి. 22 వేలలో ఆవిడకి చేరేది 13 వేలో 14 వేలో మీకు తెలియదు, ఆ కడుపుమంటతో ఉన్న మనిషి మీ పాప దగ్గర ఉంటుంది. కమిషన్ ఒకసారి ఇచ్చి రసీదు తీసుకోండి, జీతం నేరుగా ఆవిడ బ్యాంకు ఖాతాలో వేయండి. ఖాతా లేకపోతే తెరిపించండి. ఆ ఖాతా మీదే ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టొచ్చు, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి 2 లక్షలు వస్తాయి. ఆ 20 మీరే కట్టండి.

మనిషి ఎలాంటిదో తెలుసుకోవడానికి, ఇంతకుముందు చేసిన రెండిళ్ల వాళ్లతో మీరే ఫోన్‌లో మాట్లాడండి. మంచిదా కాదా అని కాకుండా ఎందుకు మానేసిందో అడగండి, వాళ్లు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది. ఆవిడ ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడండి. ఆధార్ కాపీ, ఫొటో మీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి వెరిఫికేషన్ చేయించండి, ఆ సంగతి ఆవిడకి ముందే చెప్పి. మీ ఖర్చుతో ఒకసారి డాక్టరుకి చూపించి, ముఖ్యంగా టీబీ లేదని తెలుసుకోవడం కూడా అవసరమే.

ఇవన్నీ ఒక ఎత్తయితే, మీరు ఆఫీసుకి వెళ్లకముందు మీరూ ఆయా కలిసి గడిపే పదిహేను రోజులు ఇంకో ఎత్తు. ఇప్పుడే వెతకడం మొదలుపెడితేనే ఆ పదిహేను రోజులు దొరుకుతాయి. అత్తగారు రాగలిగిన ఆ ఒక్క నెలా ఇప్పుడు కాకుండా మీరు ఆఫీసులో చేరిన రోజు నుంచి ఉండేలా చూడండి, పని చేయడానికి కాదు, ఇంట్లో మన మనిషి ఒకరు ఉండటానికి. ఆయా చెప్పకుండానే చేతులు కడుక్కుంటుందా, డైపర్ మారుస్తూ పాపతో మాట్లాడుతుందా, పాప ఏడిస్తే ముందు ఎత్తుకుంటుందా లేక ఫోన్ చేతిలో పెడుతుందా, చూడండి. లాల పోశాక ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం చాలామందికి అలవాటు, అది వద్దని నెమ్మదిగా చెప్పండి. ఏడాది నిండేవరకూ తేనె నాకించకూడదు. పల్లీలు, ద్రాక్షపళ్లు పాపకి అందే చోట ఉండకూడదు. పాకే పిల్ల ఉన్న ఇంట్లో బాత్రూమ్ బకెట్‌లో నీళ్లు నిలవ ఉంచకూడదు, బెత్తెడు నీళ్లయినా చాలు ప్రమాదానికి. గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే పాపని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు రెక్కల మధ్య అరచేత్తో ఐదుసార్లు చరచడం, అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదుసార్లు నొక్కడం, వెంటనే 108కి ఫోన్ చేయడం. ఇది మీ పిల్లల డాక్టరు దగ్గర ఆవిడా, మీరూ, అత్తగారూ కలిసి నేర్చుకోండి.

కెమెరా హాల్లో, పాప ఆడుకునే చోట పెట్టుకోండి, ఉందని చెప్పి మరీ పెట్టండి. ఆవిడ పడుకునే, బట్టలు మార్చుకునే చోట పెట్టడం నేరం. కెమెరాలో మీకు కనిపిస్తుందే కానీ పాప పడిపోతుంటే అది పట్టుకోలేదు.

ఇంకొకటి, మీ ఆఫీసులో 50 మంది గానీ అంతకు మించి గానీ ఉంటే చట్టం ప్రకారం క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. హెచ్‌ఆర్ వాళ్లని ఈమెయిల్‌లో అడగండి. అది దొరికితే ఇంట్లో ఉండే మనిషి అవసరమే పడకపోవచ్చు.

ప్రశ్న: మా అమ్మ హైదరాబాద్‌లో ఒకరింట్లో ఉండి వాళ్ల బాబుని చూసుకుంటోంది. ఐదు నెలలైంది, ఒక్క సెలవు లేదు. ఒరిజినల్ ఆధార్, మొదటి నెల జీతం ఏజెన్సీ దగ్గరే ఉన్నాయి. మానేస్తే ఇవ్వమంటున్నారు. ఏం చేయాలి?
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: ఆధార్ గురించి భయపడకమ్మా. నంబరు, దానికి లింకైన ఫోన్ ఉంటే ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అదీ ఒరిజినల్ అంత చెల్లుతుంది. ఆ కార్డు పట్టుకుని మీ అమ్మని ఆపే హక్కు ఏ ఏజెన్సీకీ లేదు. జీతం విషయంలో ఏ నెల ఎంత వచ్చిందో తారీఖులతో రాసిపెట్టు, ఏజెన్సీ పంపిన మెసేజ్‌లు చెరిపేయకు. వాటితో 15100కి ఫోన్ చేయి, అది న్యాయ సేవల సంస్థ నంబరు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఆ ఇంటివాళ్లకి ఏజెన్సీ సంగతి తెలియకపోవచ్చు కూడా, వాళ్లతో అమ్మని ఒకసారి మాట్లాడమను. బయటికి వెళ్లనివ్వకుండా తలుపు వేస్తున్నారంటే మాత్రం ఆలోచించకుండా 112కి చెప్పు. ఈసారి అమ్మ ఫోన్ చేసినప్పుడు, పక్కన ఎవరైనా ఉన్నారేమో ముందు అడుగు, ఉంటే అవును, కాదు అని చెప్పడానికి వీలయ్యే ప్రశ్నలే వేయి.