కొత్త కంప్యూటర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ కొనబోయే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

విడిభాగాలు ఒక్కొక్కటే ఎంచి కొని, కంప్యూటర్‌ను నీ చేతులతోనే బిగించుకుని, దానిమీద సొంతంగా ఖాతాలు రాసే పని మొదలుపెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఏళ్ల తరబడి కార్యాలయంలో కంప్యూటర్ల బాగోగులు చూసిన నాకే మొదట్లో ఆ పెట్టె మూత విప్పాలంటే చేతులు వణికేవి. అయితే మీ అమ్మ మాటల చివర, "విండోస్ సంగతి ఎవరో స్నేహితుడు చూసుకుంటాడట, కీ కారుచౌకగా ఇప్పిస్తాడట" అని తేలిగ్గా అనేసింది (కీ అంటే విండోస్‌ను యాక్టివేట్ చేయడానికి కొట్టే అక్షరాల వరుస). ఆ ఒక్క మాట వినకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ముందు ఎంపిక సంగతి చెబుతాను. నువ్వు రోజూ తెరవవలసిన సాఫ్ట్‌వేర్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుందో దాని తయారీదారు చెప్పిన చోటే చూసుకో. అన్నీ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవైతే నిశ్చింతగా అటే వెళ్లు. లినక్స్ కెర్నల్, అంటే దాని మూల భాగం, 1992 నుంచి జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద ఉంది. ఎన్ని యంత్రాల్లో వాడుకున్నా, ఎవరికి ప్రతి ఇచ్చినా అడిగేవారు లేరు. లినక్స్ రకాల్లో ఉబుంటు తీసుకుంటే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) అని రాసి ఉన్న విడుదలనే తీసుకో. అది సరి సంవత్సరాల్లో ఏప్రిల్ నెలలో వస్తుంది, మామూలుగా అయిదేళ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, ప్రింటరూ వైఫై పనిచేస్తున్నాయని తేలాకనే డిస్క్ మీద ఎక్కించు. మాక్ ఓఎస్ గురించి ఆలోచించనే వద్దు. ఆపిల్ తయారుచేసిన యంత్రాల మీద తప్ప దాన్ని ఎక్కించడానికి ఆ లైసెన్స్ ఒప్పుకోదు.

నీ పని ఖాతాలది కాబట్టి, నువ్వు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒకటి విండోస్ తప్పదంటుందనే నా అనుమానం. అప్పుడు విండోస్ 11 మాత్రమే తీసుకో. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఇంకా దాని కీలు అమ్మేవాళ్ల దగ్గరికి పోకు. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, మదర్‌బోర్డులో ఆ సదుపాయం ఉన్నా ఆపివేసి ఉండవచ్చు, బయోస్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులలో వెదికి తెరుచుకోవాలి. హోమ్, ప్రో అని రెండు రకాలు కనబడతాయి. బయటినుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో నీ యంత్రంలోకి రావలసిన అవసరం ఉంటే ప్రో కావాలి, లేకపోతే హోమ్ చాలు; తరువాత అవసరమైతే తేడా సొమ్ము కట్టి ప్రోకు మారవచ్చు.

ఇక లైసెన్స్. అది ఎవరికి అంటిపెట్టుకుని ఉంటుందన్నదే నువ్వు అడగవలసిన ప్రశ్న. యంత్రాలు తయారుచేసి అమ్మేవాళ్ల కోసం ఉద్దేశించిన ఓఈఎమ్ లైసెన్స్ మొదట ఎక్కిన యంత్రానికే చెందుతుంది. మదర్‌బోర్డు మారిస్తే, పాతది పాడై దానికి మారుగా వచ్చినదైతే తప్ప, దాదాపు అది కొత్త యంత్రం కిందే లెక్క. రిటైల్ లైసెన్స్ కొన్న మనిషిది. పాత యంత్రంలోంచి తీసేసి కొత్త యంత్రంలో పెట్టుకోవచ్చు. వాల్యూమ్ లైసెన్స్ ఒప్పందం చేసుకున్న సంస్థది, ఒంటరి మనుషులకు విడిగా అమ్మడానికి ఉద్దేశించినది కాదు. పైగా డెస్క్‌టాప్ విండోస్ విషయంలో అది అప్‌గ్రేడ్ మాత్రమే, అంటే కింద అర్హత గల లైసెన్స్ ఒకటి ముందే ఉండాలి. ఈ రోజు బోర్డు, రేపు ప్రాసెసర్ మార్చకుండా ఊరుకునే పిల్లవు కావు నువ్వు, కాబట్టి ఖరీదు ఎక్కువైనా రిటైలే కొను.

మీ స్నేహితుడు ఇప్పిస్తానన్న కీ ఈ మూడింటిలో ఏదో ముందు అడుగు. అతడు చెప్పలేకపోతే అదే జవాబు అనుకో. కారుచౌకగా దొరికే కీలలో చాలావరకు ఏదో సంస్థ ఒప్పందంలోంచి బయటికి పొక్కినవో, పారేసిన యంత్రాల్లోంచి తీసినవో అయి ఉంటాయి. ఆ ఇరవై అయిదు అక్షరాలు కొట్టగానే "యాక్టివేట్ అయింది" అని తెరమీద రావచ్చు. తాళంచెవి తిరిగినంత మాత్రాన ఇల్లు మన పేర రాసినట్టు కాదు కదా!

నాతోపాటు పనిచేసిన ఒకావిడ సంగతి నీకు చెప్పాలి. లెక్కల్లో ఆవిడకు ఆవిడే సాటి. ఉద్యోగం మానేసి, సరిగ్గా నీలాగే, సొంతంగా ఖాతాలు రాసే చిన్న కార్యాలయం తెరిచింది. యంత్రాలు అమ్మినవాడే విండోస్ కూడా ఎక్కించి ఇచ్చాడు. అంతా సజావుగా నడిచింది. నడవడమే ఆవిడ కొంప ముంచింది. పెద్ద సంస్థలలో లోపలి సర్వర్ ఒకటి యంత్రాలన్నిటికీ యాక్టివేషన్ ఇచ్చే కేఎంఎస్ అనే ఏర్పాటు ఉంటుంది. ఆ యాక్టివేషన్ 180 రోజులే చెల్లుతుంది, యంత్రం ఏడు రోజులకు ఒకసారి దాన్ని పొడిగించుకోవడానికి ప్రయత్నిస్తూ ఉంటుంది. ఆ అమ్మకందారు పెట్టిన పనిముట్టు ఆ సర్వర్ వేషం కట్టి, యంత్రం లోపలే కూర్చుని, గడువు తీరకముందే దొంగ సంతకం పెడుతూ వచ్చింది. యాంటీవైరస్ దాన్ని పట్టుకోకుండా డిస్క్ మొత్తాన్ని తనిఖీ నుంచి తప్పించి వెళ్లాడు. ఇదేదీ ఆవిడకు తెలియదు.

ఒక పెద్ద ఖాతాదారు తమ లెక్కలు అప్పగించే ముందు, ప్రతి యంత్రానికీ లైసెన్స్ రుజువు చూపించమని అడిగినప్పుడు ఆవిడ బిల్లు తీసి చూసుకుంది. క్యాబినెట్ ఉంది, బోర్డు ఉంది, మెమరీ ఉంది, బిగించిన కూలి కూడా ఉంది, విండోస్ అన్న పంక్తి మాత్రం లేదు. అమ్మినవాణ్ని అడిగితే, "పనిచేస్తోంది కదా మేడమ్, ఇంకేం కావాలి?" అన్నాడట. అప్పుడు నన్ను పిలిచింది. నేను చూసి ఉన్నదున్నట్టు చెప్పాక, ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అన్నీ చెరిపి, రిటైల్ లైసెన్స్‌లు కొని, మళ్లీ మొదటినుంచీ ఎక్కించుకునే లోపల ఆ ఖాతాదారు వేరేచోటికి వెళ్లిపోయారు. అది పోతే పోయింది అనుకోవచ్చు. తలుపులు తీసిపెట్టిన ఆ యంత్రాల్లోకి అన్ని నెలల్లో ఎవరైనా చొరబడ్డారో లేదో తేల్చుకునే దారి లేక, మిగిలిన ప్రతి ఖాతాదారుకూ ఆవిడే స్వయంగా ఫోన్ చేసి పాస్‌వర్డ్‌లు మార్చుకోమని చెప్పుకోవలసి వచ్చింది. నమ్మి లెక్కలు అప్పగించినవాళ్లకు ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు నేను పక్కనే కూర్చుని విన్నాను. అటువంటి ఫోన్ నువ్వు చేయవలసి వస్తుందేమోనన్న ఊహకే నాకు నిద్ర పట్టడం లేదు. చాదస్తం అంటావా, అనుకో.

డబ్బు సరిపోకపోతే సిగ్గుపడకుండా చెప్పు. లైసెన్స్ కొనేదాకా లినక్స్‌తో గడుపుకో, లేదా గ్రాఫిక్ కార్డు కొనడం కొన్నాళ్లు వాయిదా వెయ్యి. దాని మీద నీ మోజు నాకు తెలుసు గాని, ఖాతాలు రాయడానికి అది అక్కర్లేదు తల్లీ.

ఇంకొక్క భయం మిగిలింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే లైసెన్స్ ఆ ఖాతాకు ముడిపడుతుంది, బోర్డు మార్చినప్పుడు మళ్లీ యాక్టివేట్ చేసుకోవడానికి అది అక్కరకొస్తుంది. కానీ అలా ప్రవేశించినప్పుడు చాలా కొత్త యంత్రాల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోనిదంతా తాళం లేనిదే చదవడానికి వీల్లేకుండా మార్చడం) దానంతటదే మొదలవుతుంది. తరువాత ఎప్పుడైనా బయోస్ మార్చావంటే, యంత్రం తెరుచుకోక 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో లేకపోతే నీ ఫైళ్లు నీకే అందవు. విండోస్ ఎక్కించిన రోజే దాన్ని కాగితం మీద అచ్చు తీసి, బిల్లుతో కలిపి యంత్రానికి దూరంగా బీరువాలో పెట్టు. బ్యాకప్ సంగతి నీకు వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఆ స్నేహితుడికి ఇంకా సొమ్ము ఇవ్వలేదు కదా? కొనబోయే చోట లైసెన్స్ రకం రాసి ఉన్న పంక్తిని ఫొటో తీసి ముందు నాకు పంపించు. నేను చూసి చెప్పాకనే డబ్బు కట్టు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ