టెక్ సందేహాలు: హామ్ లాగ్ కన్ఫర్మ్ కావడం లేదు, సర్టిఫికెట్ మిత్రుడికి ఇవ్వవచ్చా?

ప్రశ్న: నేను హామ్‌ను, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియోలో మాట్లాడేవాణ్ని. గత అక్టోబరులో సీక్యూ వరల్డ్ వైడ్ అనే హామ్ రేడియో పోటీలో సరదాగా పాల్గొని 80కి పైగా స్టేషన్లతో మాట్లాడాను. లాగ్‌ను (ఆ సంభాషణల నమోదు పట్టికను) ‘లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్’ అనే ఆన్‌లైన్ నిర్ధారణ సేవకు అప్‌లోడ్ చేసి నెలలు గడిచినా ఒక్క కాంటాక్టు (సంభాషణ) కూడా కన్ఫర్మ్ కాలేదు. లాగ్‌పై డిజిటల్ సంతకానికి వాడే నా సర్టిఫికెట్ ఫైల్, పాస్‌వర్డ్ పంపితే తానే సరిచేస్తానని మా క్లబ్బు మిత్రుడు అంటున్నారు. పంపవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పంపవద్దు. ఎవరికీ పంపవద్దు. మీ సమస్యను మీ కంప్యూటర్ ముందు కూర్చునే సరిచేసుకోవచ్చు. పోటీల సీజన్ ముగిసిన ప్రతిసారీ ఇదే ఫిర్యాదు వస్తోంది కనుక కాస్త వివరంగానే చెబుతాను.

ముందుగా లోపం ఎక్కడుందో చూద్దాం. కొన్ని కన్ఫర్మ్ అయి కొన్ని మిగిలిపోతే అవతలివారు ఇంకా అప్‌లోడ్ చేయలేదని అనుకోవచ్చు. 80లో ఒక్కటి కూడా కాలేదంటే తప్పు దాదాపు ఎప్పుడూ సమయంలోనే ఉంటుంది. ఈ వ్యవస్థ ఇద్దరి లాగ్‌లను పక్కపక్కన పెట్టి కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), బ్యాండు (ఫ్రీక్వెన్సీ శ్రేణి), మోడ్ (మాట, మోర్స్ వంటి ప్రసార పద్ధతి) సరిపోయాయా, సమయాల మధ్య తేడా 30 నిమిషాలకు మించకుండా ఉందా అని మాత్రమే చూస్తుంది. మీ లాగ్‌లో భారత కాలమానం నమోదై ఉంటే ప్రతి కాంటాక్టూ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందుకు జరిగి, ఎవరితోనూ జత కుదరదు. లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లో సమయాలన్నిటినీ ఒకేసారి 5 గంటల 30 నిమిషాలు వెనక్కి జరపండి. తేదీని కూడా గమనించండి: ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు మీరు మాట్లాడిన కాంటాక్టు యూటీసీ ప్రకారం శనివారం రాత్రి 10.30కి జరిగినట్టు. సరిచేసిన లాగ్‌పై మళ్లీ సంతకం చేసి అప్‌లోడ్ చేయండి. పాత తప్పుడు నమోదులను అక్కడి నుంచి తొలగించడం కుదరదు. అవి జత లేకుండా ఉండిపోతాయి, వాటి వల్ల నష్టం లేదు.

హామ్‌ల కోసమే తయారైన కొన్ని లాగింగ్ ఆప్‌లు, అందులోనూ ఫోన్లలో వాడేవి, ఈ 5.30 గంటల తేడా గురించి ఒక్క మాటైనా అడగకుండా ఫోన్ గడియారంలోని సమయాన్ని నేరుగా నమోదు చేసుకోవడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది. ప్రపంచమంతా యూటీసీలో లాగ్ రాసే వ్యాపకమిది. తెరపై యూటీసీ గడియారాన్ని పెద్దగా చూపించడానికి తయారీదారులకు ఏ కష్టమూ లేదు. అప్‌డేట్ వేసిన ప్రతిసారీ రంగులు, బొమ్మలు మారుతున్నాయి కానీ ఈ లోపం మాత్రం అలాగే ఉంటోంది.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ మిత్రుడి ప్రతిపాదన. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే 2003లో అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ ఈ వ్యవస్థను ప్రారంభించినప్పుడు కాంటాక్టును ధ్రువీకరిస్తూ హామ్‌లు పంపుకునే అచ్చు కార్డుల స్థానంలో డిజిటల్ సంతకాన్ని ఎందుకు పెట్టిందో ఆలోచించండి. సర్టిఫికెట్ కోసం మీరు అభ్యర్థన సిద్ధం చేసిన క్షణంలోనే మీ కంప్యూటర్‌లో ఒక ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య సంకేతం) తయారవుతుంది; అభ్యర్థనతో పాటు బయటికి వెళ్లేది ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ మాత్రమే. మీ లైసెన్సు నకలును, మరో గుర్తింపు పత్రాన్ని పరిశీలించాకే వారు దానిని ధ్రువీకరిస్తారు. మీ మిత్రుడు అడుగుతున్న సర్టిఫికెట్ ఫైల్‌లో, అంటే పీ12 ఫైల్‌లో ఉండేది ఆ ప్రైవేట్ కీయే. దానిని పాస్‌వర్డ్‌తో సహా ఇవ్వడమంటే ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకం చేసి ఇచ్చినట్టే. ఆ ఫైల్ ఎవరి చేతిలో ఉంటే వారు మీరు ఎన్నడూ మాట్లాడని దేశంతో మీరు మాట్లాడినట్టు లాగ్ సృష్టించగలరు. డీఎక్స్‌సీసీ వంటి అవార్డు కోసం 100 దేశాలు, ప్రాంతాలతో ఏళ్ల తరబడి కాంటాక్టులు కూడబెట్టిన మరో హామ్ శ్రమ విలువ అక్కడే పడిపోతుంది. అరుదుగా వినిపించే వీయూ4 (అండమాన్), వీయూ7 (లక్షద్వీప్) కాల్‌సైన్ల స్టేషన్ల కోసం ప్రపంచమంతా ఎంత ఆత్రంగా ఎదురుచూస్తుందో తెలిసినవారికి అలాంటి దొంగ కన్ఫర్మేషన్‌కు ఎంత గిరాకీ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి పీ12 ఫైల్‌కు బలమైన పాస్‌వర్డ్ పెట్టి పెన్‌డ్రైవ్‌లో భద్రపరచండి. వాట్సాప్ గ్రూపులో కానీ ఈమెయిల్‌లో కానీ పెట్టకండి. సర్టిఫికెట్ మూడేళ్లకు ముగుస్తుంది కనుక గడువును గుర్తుపెట్టుకోండి. అభ్యర్థన పంపి, జవాబు వచ్చేలోపు విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ ప్రైవేట్ కీ పోతుంది, వచ్చిన సర్టిఫికెట్ పనికిరాదు. ఈ పొరపాటు చేసి ఉత్తరాలు రాసేవారు తక్కువేమీ కాదు. లైసెన్సు, ఆధార్ ఫొటోలను ‘చూసి చెప్పండి’ అంటూ గ్రూపుల్లో పంచుకునే అలవాటు అంతకంటే ప్రమాదకరం. ఇప్పటికే ఫైల్‌ను ఎవరికైనా పంపి ఉంటే మొహమాటపడకుండా నిర్వాహకులకు రాసి పాత సర్టిఫికెట్‌ను రద్దు చేయించుకుని కొత్తది తీసుకోండి.

2024 మే నెలలో ఏఆర్ఆర్ఎల్ వ్యవస్థలపై సైబర్ దాడి జరిగినప్పుడు ఈ సేవ సుమారు నెలన్నర నిలిచిపోయి జులై 1న తిరిగి మొదలైంది. ఆ నెలన్నరలో ఇంట్లో ఏడీఐఎఫ్ (లాగ్‌లకు వాడే ప్రామాణిక ఫైల్ రూపం) లాగ్ ప్రతి ఉన్నవారు నిశ్చింతగా ఉన్నారు. ఆన్‌లైన్ సేవ ఉన్నది కాంటాక్టులను నిర్ధారించడానికే తప్ప మీ లాగ్‌ను మీ బదులు దాచిపెట్టడానికి కాదు.

సరదాగా పోటీలో దిగేవారికి ఒక మాట. సీక్యూ వరల్డ్ వైడ్‌లో మనం ఇచ్చేది సిగ్నల్ రిపోర్టు, పోటీ లెక్కలో మన ప్రాంతం ఉన్న జోన్ సంఖ్య 22. అంతవరకు అందరూ సరిగ్గానే చేస్తున్నారు. కానీ ‘ఫలానా స్టేషన్ ఇక్కడ వినిపిస్తోంది’ అని ఇతరులు ఇంటర్నెట్‌లో పెట్టే స్పాట్‌పై క్లిక్ చేసి, స్టేషన్ తన కాల్‌సైన్ చెప్పేదాకా వినకుండానే లాగ్‌లో రాసుకునేవారు ఎక్కువయ్యారు. ఆ స్పాట్‌లో ఒక్క అక్షరం తప్పుంటే ఆ కాంటాక్టు ఎన్నటికీ జత కుదరదు. ‘నేను పోటీదారుణ్ని కాదు’ అనుకుని పోటీ నిర్వాహకులకు అసలు లాగ్‌నే పంపనివారు మరికొందరు. పోటీ ముగిశాక ఐదు రోజుల గడువు ఉంటుంది. బహుమతి మీద ఆశ లేకపోతే చెక్‌లాగ్‌గా పంపవచ్చు, అది ఇతరుల లాగ్‌లను సరిచూడటానికి ఉపయోగపడుతుంది. అదే లాగ్‌ను కన్ఫర్మేషన్ కోసం కూడా అప్‌లోడ్ చేస్తే, మిమ్మల్ని పిలిచి మాట్లాడిన ఆ 80 మందికీ మీ నుంచి రావలసినది చేరుతుంది.